ఐదు గ్రాముల గీత

శీతల పానీయాలపై పన్ను వేస్తే ఊబకాయం తగ్గుతుందా, ఖజానా నిండడమేనా అని ఒక పాఠకుడు అడిగారు. అనుకున్నంతగా ఖజానా నిండకపోవడమే ఆ పన్ను పనిచేసిందనడానికి ఆనవాలైన దేశం ఒకటి ఉంది, అది బ్రిటన్.

2016 మార్చిలో ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్‌బోర్న్ ప్రకటించిన ఈ పన్ను 2018 ఏప్రిల్ 6న అమలులోకి వచ్చింది. చక్కెర కలిపిన పానీయంలో 100 మిల్లీలీటర్లకు చక్కెర 5 గ్రాముల లోపు ఉంటే పన్ను లేదు. 5 నుంచి 8 లోపు అయితే మొదట్లో లీటరుకు 18 పెన్నీలు, 8 గానీ ఆపైన గానీ ఉంటే 24 పెన్నీలు ఉండేది. కట్టవలసినది తాగేవారు కాదు, తయారీదారులు.

చమత్కారమంతా ఆ గీతలోనే ఉంది. మన పరీక్షల్లోని 35 మార్కులను తలచుకోండి. 31 దగ్గర ఆగిపోయే విద్యార్థి నాలుగు మార్కుల కోసం రాత్రంతా మేలుకుంటాడు. 45 తెచ్చుకునేవాడికి మరో నాలుగింటిపై అంత ఆరాటం ఉండదు, ఎందుకంటే వాటితో అతడు ఏ గీతా దాటడు. పానీయాల లెక్కా అంతే. 5.1 గ్రాములను 4.9కి దింపితే లీటరులో తగ్గే చక్కెర 2 గ్రాములే, ఆ తొలి రేటున మిగిలే పన్ను 18 పెన్నీలు, 10.6 గ్రాములను 8.1కి దింపితే లీటరుకు 25 గ్రాముల చక్కెర తగ్గినా ఒక్క పెన్నీ మిగలదు. కాబట్టి కొద్దికొద్దిగా తగ్గించడం దండగ, గీత కిందికి దిగిపోవడమే లాభం. స్కాట్లండ్ వారి ఐరన్ బ్రూ 10.3 నుంచి 4.7కి దిగింది, పాత రుచి పోతుందన్న బెంగతో అభిమానులు సీసాలు కొని దాచుకున్నారు. లూకోజేడ్ 13 నుంచి 4.5కి వచ్చింది. కోకాకోలా మాత్రం తన అసలు పానీయాన్ని 10.6 దగ్గరే ఉంచి, 330 మిల్లీలీటర్ల డబ్బాకు సుమారు 8 పెన్నీలు కట్టడానికే సిద్ధపడింది. అదే నెలలో దక్షిణాఫ్రికా తెచ్చిన పన్నులో మెట్లు లేవు. 100 మిల్లీలీటర్లలో 4 గ్రాములు దాటిన ప్రతి గ్రాముకూ మొదట్లో 2.1 సెంట్లు ఉండేది. న్యాయంగా చూస్తే అదే సబబు, కానీ తయారీ పాళ్లు మార్చేంత తెగింపు రావాలంటే మెట్టే కావాలని నా అభిప్రాయం.

2015, 2020 మధ్య ఈ పన్ను పరిధిలోని పానీయాల సగటు చక్కెర 46 శాతం తగ్గింది. ఏటా 52 కోట్ల పౌండ్లు వస్తాయని తొలుత వేసిన అంచనాలో మొదటి ఏడాది వసూలైనది సగం కన్నా తక్కువ. 10–11 ఏళ్ల ఆడపిల్లల్లో ఊబకాయం, పన్ను లేకుంటే ఉండగలదని లెక్కకట్టిన స్థాయి కన్నా 8 శాతం తక్కువగా ఉన్నట్లు కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూపారు. మగపిల్లల్లో తేడా కనిపించలేదు.

మన దేశంలో 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పానీయాలపై జీఎస్టీ 40 శాతం. అది ధరపై వేసే పన్ను; చక్కెర నిండా ఉన్నా, బదులుగా కృత్రిమ తీపి వాడినా రేటు ఒక్కటే. ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3 శాతం మంది అధిక బరువుతో ఉన్నారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అయినా చక్కెర తగ్గించిన తయారీదారుకు ఈ పన్నులో దక్కేదేమీ లేదు.

బ్రిటన్ మాత్రం 2028 జనవరి 1 నుంచి గీతను 4.5కి దింపుతానని ప్రకటించింది. 4.5కూ 5కూ నడుమ సర్దుకుని కూర్చున్నవారు మళ్లీ పాళ్లు మార్చుకోవాలి, లేదా పన్ను కట్టాలి.