రసాయన సమీకరణానికి గ్రాములు తెలియవు

పరీక్షల ముందు కెమిస్ట్రీ తిరగేసేవాళ్లు సాధారణంగా నిర్వచనాలూ, ఆవర్తన పట్టికా బట్టీ పడతారు. లెక్కలు తప్పేది మాత్రం ఎక్కువగా గ్రాములకీ మోల్‌కీ మధ్య. అందుకని పునశ్చరణ మోల్‌తో మొదలుపెట్టడమే మేలు.

మోల్ అంటే డజను లాంటి ఒక లెక్క, కాకపోతే చాలా పెద్దది: 6.02214076 × 10²³. 2019 మే నుంచి ఈ సంఖ్యే నిర్వచనం. అంతకుముందు 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటే అన్ని అనేవారు. తరగతి గది లెక్కలకు ఈ మార్పుతో పనిలేదు. ఒక మోల్ నీరు అప్పుడూ ఇప్పుడూ 18.02 గ్రాములే.

రెండు హైడ్రోజన్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు కలిసి రెండు నీటి అణువులవుతాయి. సమీకరణం చెప్పేది ఇంతే. ఇక్కడ బరువుల ఊసే లేదు. దాన్ని తుల్యం చేసేటప్పుడు, అంటే రెండు వైపులా పరమాణువుల లెక్క సరిచేసేటప్పుడు, ఫార్ములా ముందుండే గుణకాన్ని మార్చవచ్చు గానీ, లోపలి చిన్న అంకెను ముట్టుకోకూడదు. నీటి ఫార్ములాలో ఆక్సిజన్ పక్కన 2 చేర్చారా, అది హైడ్రోజన్ పెరాక్సైడ్ అయి కూర్చుంటుంది.

ఇప్పుడు 5 గ్రాముల హైడ్రోజన్, 32 గ్రాముల ఆక్సిజన్ ఇచ్చారనుకోండి. ముందు అయిపోయేది ఏది? చూడగానే హైడ్రోజన్ అనిపిస్తుంది. ఒక మోల్ హైడ్రోజన్ సుమారు 2 గ్రాములు, ఒక మోల్ ఆక్సిజన్ 32 గ్రాములు కాబట్టి, మోల్‌లలోకి మారిస్తే హైడ్రోజన్ సుమారు 2.5, ఆక్సిజన్ 1. ఆ ఒక్క మోల్ ఆక్సిజన్‌కు కావలసింది 2 మోల్‌ల హైడ్రోజనే. కాబట్టి ఆక్సిజనే ముందు అయిపోతుంది. సుమారు 36 గ్రాముల నీరు వచ్చి, ఒక గ్రాము హైడ్రోజన్ మిగులుతుంది. మొత్తం 37కు 37 సరిపోయింది. చివర్లో ఇలా కూడి చూసుకోవడం అర నిమిషం పని, ఎందుకో ఎవరూ చేయరు.

ప్రయోగశాలలో ఈ లెక్క అంత మర్యాదగా కుదరదు. 0.243 గ్రాముల మెగ్నీషియం రిబ్బన్‌ను క్రూసిబుల్‌లో (గట్టి వేడిని తట్టుకునే చిన్న మూత గిన్నె) పూర్తిగా మండిస్తే 0.403 గ్రాముల ఆక్సైడ్ రావాలి. మూత బాగా తెరిస్తే తెల్లని పొగ పోతుంది. ఆ పొగే మనకు కావలసిన ఆక్సైడ్. పూర్తిగా మూసేస్తే ఆక్సిజన్ చాలదు. అందుకే మధ్యమధ్య మూతను పటకారుతో కొద్దిగా ఎత్తి వెంటనే దించాలి. ఇంత జాగ్రత్తపడ్డా బరువు తగ్గిందంటే నైట్రోజన్‌ను అనుమానించాలి. వేడెక్కిన మెగ్నీషియం గాలిలోని నైట్రోజన్‌తో కూడా కలిసి నైట్రైడ్ అవుతుంది. అంతే మెగ్నీషియానికి నైట్రైడ్ బరువు ఆక్సైడ్ కన్నా తక్కువ. క్రూసిబుల్ చల్లారాక కొన్ని చుక్కల నీళ్లు వేస్తే నైట్రైడ్ హైడ్రాక్సైడ్‌గా మారుతుంది, అమ్మోనియా ఘాటు తెలుస్తుంది. ముందు సన్నసెగ మీద, తర్వాత గట్టిగా వేడిచేస్తే ఆక్సైడ్ మిగులుతుంది. వేడి క్రూసిబుల్‌ను త్రాసు మీద పెట్టకూడదు, పైకి లేచే గాలి వల్ల బరువు తక్కువ చూపిస్తుంది. చల్లార్చి తూచి, మళ్లీ వేడిచేసి తూచి, వరసగా రెండుసార్లు ఒకే బరువు వచ్చేదాకా ఆపకూడదు.

ద్రావణాల దగ్గర పొరపాటు ఇంకోలా వస్తుంది. 250 మిల్లీలీటర్ల 0.1 మోలార్ (లీటరు ద్రావణంలో 0.1 మోల్) ఉప్పు ద్రావణానికి 1.46 గ్రాముల సోడియం క్లోరైడ్ కావాలి. దానికి 250 మిల్లీలీటర్ల నీళ్లు పోయడం తప్పు, ఎందుకంటే మోలారిటీలో లెక్కకొచ్చేది మొత్తం ద్రావణం ఘనపరిమాణం. బీకరులో కొద్ది నీళ్లలో కరిగించి, స్టాండర్డ్ ఫ్లాస్క్‌లో పోసి, బీకరును రెండు మూడుసార్లు కడిగి ఆ నీళ్లూ అందులోనే పోసి, అప్పుడు గీత దాకా నింపాలి. నీటి వంపు అడుగుభాగం గీతను తాకాలి, కన్ను గీతకు సరిగ్గా ఎదురుగా ఉండాలి.

పీహెచ్ ఆమ్లతకు కొలత: 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. అది ఒక్క అంకె మారితే ఆమ్లత పది రెట్లు మారుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 3 ఉంటే, పది రెట్లు పలుచన చేస్తే 4. ఇదే ధోరణిలో 6 నుంచి 7కు, అక్కడి నుంచి 8కి వెళ్లిపోతారు కొందరు. పలుచన చేసిన ఆమ్లం క్షారం కాలేదు. 25 డిగ్రీల దగ్గర నీటికి సొంతంగా లీటరుకు 10⁻⁷ మోల్‌ల హైడ్రోజన్ అయాన్లుంటాయి. ఆమ్లం అంత పలచబడ్డాక వాటినీ లెక్కలోకి తీసుకోవాలి. తీసుకుంటే, పీహెచ్ 6 ఉన్న ద్రావణం పది రెట్లు పలచబడినప్పుడు వచ్చేది 6.79.