కొత్త రిమోటుకి మన టీవీ భాష

పర్లాకిమిడి,
ఆదివారం.

చిరంజీవులు బుజ్జికీ చిన్నాకీ తాతయ్య ఆశీస్సులు.

"అన్ని టీవీలకీ పనిచేస్తుందని కొత్త రిమోట్ అమ్మారు, మా టీవీకి పనిచెయ్యట్లేదు" అని ఫోన్లో ఒకటే గోల పెట్టారు కదా. పారెయ్యకండి. ఇక్కడా అదే గొడవైంది, అదీ సరిగ్గా రథయాత్ర పొద్దున్న. పూరీ రథాలు చూద్దామని మామ్మ కూర్చుంటే పాత రిమోట్ పలకలేదు. బజారుకి పరుగెత్తి 150 రూపాయలు పెట్టి కొత్తది తెచ్చాను. అదీ మూగదే!

మన వీధిలో ఒకరిది తెలుగు, ఒకరిది ఒడియా, సంతకొచ్చేవాళ్లది సవర భాష. టీవీలూ అంతే. రిమోట్ కొసనున్న చిన్న బల్బు కంటికి కనబడని వెలుతురుని సెకనుకి సుమారు 38 వేలసార్లు ఆర్పుతూ వెలిగిస్తూ కబురు పంపుతుంది. సోనీ టీవీలకైతే 40 వేలు. ఏ మీటకి ఏ గుర్తన్నదీ కంపెనీకో తీరు. కొత్త రిమోటుకి చాలా భాషలొచ్చు, మీ టీవీది ఏదో మనం చెప్పాలి. కోడ్ అంటే అదే.

పొట్లంలో చీటీ ఉంటుంది, చీమతలకాయంత అక్షరాలతో. నేను భూతద్దం పట్టాను. మా రిమోటుకైతే ఎర్రదీపం వెలిగేదాకా సెట్ మీట నొక్కిపట్టి, కోడ్ అంకెలు కొట్టాలి. దీపం ఆరితే అందుకున్నట్టు. మీదానికి వేరే పద్ధతి కావచ్చు, చీటీ చూడండి. ఒకే కంపెనీకి నాలుగైదు కోడ్‌లుంటాయి. ఆపే మీట నొక్కగానే టీవీ ఆగింది కదా అని సంబరపడకండి, సౌండూ ఛానలూ కూడా నొక్కి చూడండి. మొదటి కోడ్‌తో సౌండు పెంచబోతే మెనూ వచ్చింది నాకు! మూడోదానికి కుదిరింది.

చీటీ పోతే రిమోట్ తనే ఒక్కో కోడ్‌లో టీవీని ఆపే కబురు పంపుకుంటూ పోయే పద్ధతొకటుంది. టీవీ ఆగిన క్షణంలోనే మీట నొక్కి ఆపాలి. ఆలస్యమైతే కోడ్ దాటిపోతుంది, మళ్లీ మొదటికే. నాకు రెండుసార్లు దాటిపోయింది, మామ్మ నవ్వింది.

అసలు వెలుతురే రాకపోతే? ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు రిమోట్ పెట్టి మీట నొక్కండి, బల్బు ఊదారంగులో మెరుస్తుంది. వెనక కెమెరాలో చాలా ఫోన్లకి కనబడదు. మెరవకపోతే ముందు బ్యాటరీలు మార్చండి, కొసలకి పట్టిన తుప్పు రబ్బరుతో రుద్దండి. మెరిసినా టీవీ వినకపోతే, టీవీ కింద అంచున ఉండే చిన్న నల్లటి కన్ను చూడండి. మాకు దానిమీద మామ్మ కుట్టిన లేసు గుడ్డ వేలాడుతోంది! పాత రిమోట్ పాపం బాగానే ఉంది. కొత్తదాని మొదటి మూగతనమూ ఆ గుడ్డదే, నేను చీటీ మీద పడి గంట పోగొట్టాను.

కుదిరిన కోడ్ బ్యాటరీ మూత లోపల స్కెచ్ పెన్నుతో రాసుకోండి. బ్యాటరీలు తియ్యగానే కొన్ని రిమోట్లు అన్నీ మరిచిపోతాయి. మీ నాన్న కొన్న, టీవీ వెనక గుచ్చి ఇంటర్నెట్ సినిమాలు చూసే స్టిక్ బ్లూటూత్ రిమోటుదైతే మాత్రం దీనితో పని జరగదు, దాని రిమోట్ దానికే.

చీటీ ఫోటో తీసి పంపండి. భూతద్దం ఇక్కడే బల్లమీదుంది.

మీ తాతయ్య