మధ్యాహ్నం పొంగి, తెల్లవారేసరికి అణిగే నేల

చెన్నై తిరువాన్మియూరులో ఉండే మా బావగారికి, కారు వెనక తగిలించుకొని వెళ్ళే చిన్న ఇల్లులాంటి ట్రైలర్ ఒకటి ఉంది. సముద్రానికి దగ్గరలో, చెట్టు నీడైనా లేని ఖాళీ స్థలంలో దానిని నిలుపుతారు. మే నెలలో ఒక మధ్యాహ్నం తలుపు తెరిచేసరికి, సింకు ముందు నేలమీద పరిచిన వినైల్ షీటు అరచేయంత మేర ఉబ్బి ఉంది. బొటనవేలితో నొక్కితే అక్కడ అణిగి, పక్కన లేచింది. పొడిచి గాలి తీద్దామని ఆయన సూది తెమ్మన్నారు, నేను ఒక్కరోజు ఆగమన్నాను. మర్నాడు తెల్లవారుజామున చూస్తే ఉబ్బు బాగా తగ్గి ఉంది.

వినైల్ అంటే ప్లాస్టిసైజర్ అనే రసాయనం కలిపి మెత్తబరిచిన పీవీసీ ప్లాస్టిక్. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ కనిపెట్టిన ఆ మెత్తదనం వల్లే అది చాపలా చుట్టలు చుట్టుకుంటుంది, కానీ వేడికి చెక్క కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా సాగుతుంది. 20 డిగ్రీలు వేడెక్కితే మీటరు షీటు సుమారు 1.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కింది ప్లైవుడ్ పెరిగేది అందులో పదో వంతైనా ఉండదు. చాలా ట్రైలర్లలో ముందు షీటు పరిచి, దానిమీదే గోడలూ అరలూ బిగిస్తారు కనుక, పెరిగిన షీటుకు పక్కకు జరిగే దారి ఉండదు. రెండు కొసలూ కదలని మీటరు షీటులో ఆ 1.4 మిల్లీమీటర్లూ ఒకే ఉబ్బుగా లేస్తే దాని ఎత్తు రెండు సెంటీమీటర్లు దాటుతుంది! నాకు ఈ లెక్క ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే.

షీటు కింద చిక్కుకున్న గాలి సంగతి ఇంకొకటి. పొడిగాలిని 30 నుంచి 50 డిగ్రీలకు వేడిచేస్తే దాని పరిమాణం 7 శాతం కూడా పెరగదు. అదే తడిసిన ప్లైవుడ్ మీది గాలైతే 16 శాతం వరకు పెరుగుతుంది, ఎందుకంటే ఆ వేడికి నీటి ఆవిరి పీడనం దాదాపు మూడు రెట్లవుతుంది. పుల్కా పెనం మీద పొంగేది కూడా పిండిలోని నీటి ఆవిరితోనే కదా.

అందుకే సూది కంటే ముందు తడిని వెతకాలి. ఉబ్బు చుట్టూ నేల మెత్తగా దిగుతుంటే, షీటు మీద నల్లని మచ్చలు పడితే, కింద చెక్క పుచ్చుతున్నట్లే. అప్పుడు షీటు లేపి చెక్క మార్చక తప్పదు. చెక్క గట్టిగా, పొడిగా ఉంటే మాత్రం చల్లని వేళలో ఉబ్బు అంచున సూదితో పొడిచి, గాలి తీసి, సిరంజితో వినైల్ జిగురు ఎక్కించి, గుడ్డ చుట్టిన అప్పడాల కర్రతో నడుమ నుంచి అంచులకు ఒత్తి, రాత్రంతా బరువు పెట్టాలి. మొండికేసిన షీటును గుడ్డ మీదుగా తక్కువ వేడి ఇస్త్రీ పెట్టెతో మెత్తబరచవచ్చు. అంతకు మించి కాల్చకూడదు, మితిమీరి వేడెక్కిన పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన విషవాయువు వెలువడుతుంది. గోడల ఒత్తిడితో లేచిన ఉబ్బుకు జిగురు ఒక్కటే చాలదు, అంచున సన్నని పట్టీ కోసి షీటుకు చోటివ్వాలి.

మా బావగారి ట్రైలర్‌లో సింకు కింది అర తలుపు తీసి చేయి పెట్టి చూశాం. పైపు బిగింపు దగ్గర ప్లైవుడ్ చెమ్మగా తగిలింది. ఆ బిగింపు మార్చి, కిటికీలు తెరిచి, ఫ్యాను పెట్టి నేలను ఆరబెడుతున్నారు. సూది ఇంకా డబ్బాలోనే ఉంది.