అమెరికాలో కాలేజీ ఫీజుల టాక్స్ క్రెడిట్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: 1098-టి (కాలేజీ ఇచ్చే ఫీజుల ఫామ్) చేతికొచ్చిందంటే క్రెడిట్ (పన్నులో తగ్గింపు) వచ్చినట్టే.

ఎమ్మెస్‌కి వెళ్లిన మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆ ఫామ్ కట్టిన ఫీజు ఎంతో చెబుతుంది, అర్హత సంగతి చెప్పదు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వెళ్లినవారు మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్లే. 2023 ఆగస్టులో దిగితే ఆ నాలుగు నెలలూ ఒక ఏడాది కిందే లెక్క. 2027 దాకా చదువులోనే ఉంటే అప్పటివరకూ 1040-ఎన్ఆర్ (నాన్ రెసిడెంట్ల పన్ను రిటర్న్) వేయాలి. అందులో ఈ క్రెడిట్లు లేవు. అక్టోబరులో హెచ్-1బి (ఉద్యోగ వీసా) మొదలైనా ఆ ఏడాదికి క్రెడిట్ రాదు. భార్యో భర్తో అమెరికా పౌరులో రెసిడెంటో అయి, ఇద్దరూ రెసిడెంట్లుగా జాయింట్ రిటర్న్ వేస్తేనే మినహాయింపు.

సాఫ్ట్‌వేర్‌లో వీసా సంగతి చూసుకోకుండా నొక్కుకుంటూ పోతే 1040 (రెసిడెంట్ల రిటర్న్) తయారైపోతుంది, 1,000 డాలర్ల రీఫండ్ కనిపిస్తుంది. రూమ్మేట్‌కి వచ్చిందని మీరూ తీసుకోవద్దు. ఇప్పటికే తీసుకుని ఉంటే నోటీసు దాకా ఆగకండి: సవరణ ఫామ్ 1040-ఎక్స్‌కి సరైన 1040-ఎన్ఆర్ జతచేసి పంపి, డబ్బు వడ్డీతో కట్టేయండి. రూల్స్ లెక్కచేయకుండా క్లెయిమ్ చేశారని తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ (కింద చెప్పే రెండింటిలో ఒకటి) ఇవ్వరు.

అపోహ: అమెరికన్ ఆపర్చునిటీ, లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్లు రెండూ ఒకటే.

అమెరికన్ ఆపర్చునిటీ డిగ్రీ మొదటి నాలుగేళ్లకే, కనీసం హాఫ్‌టైమ్ చదవాలి. ఫీజులో మొదటి 2,000 డాలర్లు పూర్తిగా, తర్వాతి 2,000లో 25 శాతం, గరిష్ఠం 2,500. లైఫ్‌టైమ్ లెర్నింగ్ ఎమ్మెస్‌కీ, ఒక్క కోర్సుకీ వస్తుంది: 10,000లో 20 శాతం, రిటర్న్‌కి 2,000 మించదు, రీఫండ్ ఉండదు. ఆదాయం జాయింట్‌గా 1,60,000 దాటితే రెండూ తగ్గుతూ 1,80,000కి సున్నా; సింగిల్‌కి 80,000 నుంచి 90,000.

అపోహ: చదువుకి పెట్టిందంతా లెక్కే.

అద్దె, తిండి, ఇన్సూరెన్స్, విమానం టికెట్ లెక్కలోకి రావు. అప్పు తెచ్చి కట్టిన ట్యూషన్ వస్తుంది. కోర్సుకి కావాల్సిన పుస్తకాలు ఎక్కడ కొన్నా ఆపర్చునిటీకి కలుపుకోవచ్చు, రసీదులు దాచండి. 1098-టి బాక్స్ 1లో ఫీజు 9,000, బాక్స్ 5 స్కాలర్‌షిప్ 6,500 అయితే మిగిలేది 2,500. పుస్తకాలు 600 కలిపితే 3,100. ఆపర్చునిటీ క్రెడిట్ 2,275. జనవరి సెమిస్టర్ ఫీజు డిసెంబరులో కడితే, కట్టిన ఏడాది లెక్కలోకే వస్తుంది.

అపోహ: పిల్లలకి ఐటీఐఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు రానివారికి ఇచ్చే పన్ను నంబరు) ఉంటే చాలు.

2025 రిటర్న్ వరకూ గడువులోపు వచ్చిన ఐటీఐఎన్ సరిపోయేది. 2026 పన్ను సంవత్సరం నుంచి క్లెయిమ్ చేసేవారికీ, చదివే బిడ్డకీ ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) ఉండాల్సిందే. హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబానికిచ్చే వీసా; దీని మీద పిల్లలకి మామూలుగా ఎస్ఎస్ఎన్ రాదు) మీద కాలేజీకి వెళ్లే పిల్లలున్న ఇళ్లు ఈ క్రెడిట్ వస్తుందనుకుని ఫీజుల లెక్క వేసుకోవద్దు.