విల్లు వయసు ఎక్కడ రాసి ఉంటుంది? పాత రికర్వ్ విళ్ల సేకరణపై అపోహలు - వాస్తవాలు

మిషిగన్ రాష్ట్రంలో స్థిరపడిన నేను పద్నాలుగేళ్లుగా పాత అమెరికన్ రికర్వ్ విళ్లను, అంటే కొసలు విలుకాడికి అవతలి వైపుకు వంపు తిరిగి ఉండే విళ్లను, సేకరిస్తున్నాను. బేర్ ఆర్చరీ సంస్థ మూడు దశాబ్దాలకు పైగా ఈ రాష్ట్రంలోని గ్రేలింగ్ ఊళ్లోనే విళ్లు తయారుచేసింది కాబట్టి, ఇక్కడి గరాజ్ సేల్స్‌లో పాత గొడ్డళ్ల పక్కన, చేపల గాలాల మధ్య వాటిలో ఏదో ఒకటి తరచుగా కంటపడుతుంది. కొనబోయే ముందు ఫొటో పంపి సలహా అడిగే మిత్రుల ప్రశ్నలు చాలావరకు కొన్ని అపోహల చుట్టూనే తిరుగుతుంటాయి. వాటిలో మొదటిదానికి నేనే చిక్కాను గనుక దానితోనే మొదలుపెడతాను.

అపోహ: విల్లు మీద 1953 అని ఉంటే అది 1953లో తయారైనదే.

వాస్తవం: నేను మొదట కొన్న బేర్ సంస్థ గ్రిజ్లీ మోడల్ విల్లు లింబ్ మీద, అంటే పిడికి అటూ ఇటూ ఉండే వంగే భాగం మీద, సన్నని అక్షరాల్లో కెనడా పేరు, దాని పక్కనే 1953 అనే అంకె కనిపించాయి. అమ్మే పెద్దాయన అడిగిన ధరకు మారుమాటాడకుండా డబ్బు చేతిలో పెట్టాను. అది సంస్థకు కెనడాలో పేటెంటు లభించిన సంవత్సరం మాత్రమేననీ, 1960లలో తయారైన విళ్ల మీద కూడా అదే అంకె ఉంటుందనీ తర్వాత తెలిసింది. నిజానికి జవాబు నా కళ్ల ముందే ఉంది. ఆ వింటి పిడి పైభాగంలో ఎలుగుబంటి బొమ్మ ఉన్న చిన్న లోహపు నాణెం పొదిగి ఉంది. బేర్ విళ్లకు అలాంటి నాణేలు 1959లో మొదలయ్యాయి, అంతకుముందు అతికించిన లేబుళ్లే ఉండేవి. కాబట్టి నాణెం ఉన్న విల్లు 1953 నాటిది కావడానికి వీల్లేదు. నా వింటి నాణెం చెక్కతో సమానంగా, వేలితో తడిమితే అంచు తగలనంత చదునుగా ఉంది. 1970ల ఆరంభం నుంచి వచ్చినవి చెక్క మీద ఉబ్బెత్తుగా ఉంటాయి. ఆ రెండు హద్దుల మధ్య కాలాన్ని నాణెపు లోహం ఇంకా కుదిస్తుంది, ఎందుకంటే రాగి, అల్యూమినియం, ప్యూటర్, నికెల్ సిల్వర్ అంటూ లోహం మారుతూ వచ్చింది.

చిరునామా కూడా సాక్ష్యం చెబుతుంది. ఫ్రెడ్ బేర్ 1933లో డెట్రాయిట్‌లో ఒక భాగస్వామితో కలిసి వ్యాపారం మొదలుపెట్టారు. 1947లో తయారీ గ్రేలింగ్‌కు వెళ్లింది, 1978లో ఫ్లోరిడాలోని గేన్స్‌విల్‌కు తరలింది. లింబ్ మీద గేన్స్‌విల్ పేరు చూపిస్తూ ఎవరైనా 1965 నాటి విల్లు అని అమ్మజూపితే అక్కడితో బేరం ఆపేయవచ్చు.

అపోహ: ఫ్రెడ్ బేర్ సంతకం ఉంది కాబట్టి ఇది ఆయన చేత్తో చేసిన విల్లు.

వాస్తవం: మనకు దొరికే విళ్ల మీద ఉండేది దాదాపు ఎప్పుడూ అచ్చు వేసిన సంతకమే. అచ్చు అనే మాట ఇక్కడ యాదృచ్ఛికం కాదు. డెట్రాయిట్‌లో ఆ సంస్థకు తొలినాళ్లలో కూడు పెట్టింది కార్ల కంపెనీలకు సిల్క్ స్క్రీన్ పద్ధతిలో చేసిచ్చిన ప్రకటనల అచ్చుపనే. విళ్లు, బాణాల పని అదే కప్పు కింద ఒక మూల సాగేది. 1930ల చివర నుంచి అక్కడ విళ్లు చెక్కిన చేయి నెల్స్ గ్రమ్లీ అనే వడ్రంగిది. ఓసేజ్ ఆరెంజ్ వంటి చెక్కతో ఆయన చేసిన విళ్ల మీద గ్రమ్లీ అనే ముద్ర ఉంటుంది. తయారీ యంత్రాల వైపు మళ్లిన 1940ల చివరలో ఆయన సంస్థను విడిచి వెళ్లారు. నా దృష్టిలో ఈ సంస్థ చరిత్రను రెండుగా చీల్చే గీత అదే. ఆ గీతకు ఇవతల ఉన్నవన్నీ కర్మాగారపు విళ్లు, వాటిని మెచ్చుకోవడానికి వేరే కారణాలున్నాయి. మేపుల్ చెక్క పొరలకు ఇరువైపులా ఫైబర్‌గ్లాస్ అతికించి, ఏళ్ల తరబడి ఒకే తీరున పనిచేసే విల్లును సామాన్యుడికి అందుబాటు ధరలో ఇవ్వడం చిన్న విషయం కాదు. గ్రమ్లీ ముద్ర ఉన్న విల్లును ఇంతవరకు ఒక్కసారే చేత్తో పట్టుకున్నాను, కొనే స్తోమత లేక తిరిగి ఇచ్చేశాను.

అపోహ: పాతదైతే చాలు, ధర పలుకుతుంది.

వాస్తవం: పలకదు. ఆర్కన్సా రాష్ట్రంలోని పైన్ బ్లఫ్ నుంచి బెన్ పియర్సన్ సంస్థ, గ్రేలింగ్ నుంచి బేర్ సంస్థ పెద్ద ఎత్తున అమ్మిన పిల్లల ఫైబర్‌గ్లాస్ విళ్లు ఇప్పటికీ కుప్పలుగా దొరుకుతున్నాయి. విలువను నిర్ణయించేవి మోడల్, పరిస్థితి, లాగుడు బరువు (నారిని లాగడానికి కావలసిన బలం). అందరూ వెతికే బేర్ సంస్థ 1959 కోడియాక్ మోడల్ విషయంలో ఇంకో జాగ్రత్త కూడా అవసరం, ఎందుకంటే దాని రూపాన్ని అనుసరించి సంస్థే తర్వాతి కాలంలో కొత్తగా తయారుచేసి అమ్మింది.

అపోహ: ఫైబర్‌గ్లాస్ మీద గీతలు కనిపిస్తే ఆ విల్లు పనికిరాదు.

వాస్తవం: గీత ఎటు పోతున్నదో చూడాలి. గాజు పోగులు లింబ్ పొడవునా ఉంటాయి కనుక, వాటి వెంట సాగే సన్నని గీతలు చాలావరకు పైపైనవే. అడ్డంగా పోయే పగులు, ముఖ్యంగా పిడి నుంచి లింబ్ మొదలయ్యే చోట ఉన్నది, ప్రమాద సూచన. నేను విల్లు చేతికి తీసుకోగానే ఒక దూది ఉండను లింబ్ మీద రెండు వైపులా, అంచుల వెంట నెమ్మదిగా జరుపుతాను. నునుపుగా కనిపించే చోట దూది పోగు ఒక్కటి చిక్కుకుని నిలబడినా అక్కడ గాజు లేచిందని అర్థం. పొర విడిపోతున్న విల్లుకు నారి ఎక్కించను, గోడకే పరిమితం చేస్తాను. దూది పరీక్షలో నెగ్గినదాన్ని కూడా ఒక్కసారిగా పూర్తిగా లాగకుండా, మొదట కొద్దికొద్దిగా పలుమార్లు లాగి చూస్తాను.

అపోహ: గీకి కొత్త వార్నిష్ వేస్తే విలువ పెరుగుతుంది.

వాస్తవం: ఉప్పు కాగితం మొదట తినేసేది అక్షరాలనే. చేత్తో రాసిన బరువు, పొడవు అంకెలు, ఊరి పేరు చెరిగిపోతే వయసు తేల్చే ఆధారాలు పోయినట్లే. మెత్తటి గుడ్డతో తుడిచి మైనం పూయడం కంటే ఎక్కువ నేను చేయను.

అపోహ: నేటి గట్టి నారి వేస్తే పాత విల్లు ఇంకా బాగా పనిచేస్తుంది.

వాస్తవం: బాణం కొంచెం వేగంగా వెళ్లవచ్చు గానీ, ఫాస్ట్ ఫ్లైట్ వంటి సాగని నారి ఆ దెబ్బనంతా వింటి కొసలకే పంపిస్తుంది. పాత విళ్ల కొసలను అంత దెబ్బ కోసం బలపరచలేదు, అవి చీలిపోతాయి. కొద్దిగా సాగే డాక్రాన్ నారే వీటికి తగినది. కొలత విషయంలోనూ పొరపాట్లు జరుగుతుంటాయి. ప్రామాణిక పద్ధతిలో 60 అంగుళాలు అని రాసిన రికర్వ్ వింటికి నారి అసలు పొడవు 57 అంగుళాలు ఉండాలి. ఇక నారిని కాలి సందున విల్లు వంచి ఎక్కించే పాత అలవాటు లింబ్‌ను మెలితిప్పుతుంది, తక్కువ ధరకు దొరికే స్ట్రింగర్ తాడు వాడితే ఆ బెడద ఉండదు.

అపోహ: పిడికి రంధ్రం ఉంటే ఎవరో పాడుచేశారన్నమాట.

వాస్తవం: పక్కన స్క్రూలు దిగిన చిల్లులైతే చాలావరకు అంతే. కానీ పిడి ముందువైపు మరలు ఉన్న లోహపు గొట్టం అమర్చి ఉంటే అది స్టెబిలైజర్ కోసం, అంటే బాణం వదిలేటప్పుడు విల్లు కదలకుండా నిలిపే బరువు కడ్డీ కోసం, కర్మాగారంలోనే పెట్టినది కావచ్చు. సెయింట్ లూయిస్‌కు చెందిన ఎర్ల్ హోయిట్ 1961లో స్టెబిలైజర్‌ను పరిచయం చేశారు కనుక, అదీ వయసు చెప్పే గుర్తే.

అపోహ: ఉక్కు విల్లుకు చావు లేదు.

వాస్తవం: అన్నిటికంటే నేను భయపడేది దీనికే. స్వీడన్‌కు చెందిన సీఫాబ్, ఇంగ్లండ్‌లో ఆకల్స్ అండ్ పొలాక్ సంస్థ అపోలో పేరుతో తయారుచేసిన ఉక్కు విళ్లు లోపల బోలుగా ఉండే గొట్టాలు. తుప్పు లోపలి నుంచి తింటుంది, బయట పెయింట్ మెరుస్తూనే ఉంటుంది, ఒకరోజు లాగుతుండగా హెచ్చరిక లేకుండా ముఖం దగ్గరే విరుగుతుంది. వాటిని చూడటానికే ఉంచుకోవాలి.

ఉక్కు విల్లు ఐరోపా కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. కొమ్ము, చెక్క, నరాలు జిగురుతో అతికించి చేసే విళ్లు వానకాలపు తేమకు సడలిపోయే మన దేశంలో, మొఘలుల కాలంలోనే ఉక్కుతో విళ్లు చేసి వాటి మీద బంగారు తీగ పని కూడా చేయించారు. అలాంటిది మన ఊళ్లో ఎవరింటి అటక మీదనైనా బయటపడితే దాన్ని విదేశాలకు పంపే ఆలోచన చేయవద్దని నన్ను అడిగినవారికి చెబుతుంటాను. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన అలాంటి వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. నా సేకరణలో భారతీయ విల్లు ఒక్కటీ లేకపోవడానికి కారణం కూడా అదే.