పాత బట్టల మూట మా గదికి చేరాక: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

సంక్రాంతికి ఇల్లు దులపడం మొదలయ్యిందంటే మాకు మూటలు రావడం మొదలవుతుంది. దసరాకు ముందు ఒక విడత, వేసవిలో అద్దె ఇళ్లు మారే రోజుల్లో మరో విడత. సికింద్రాబాద్‌లో ఒక చిన్న గదిలో పాత బట్టలు, ఇంటి సామాను ఏరి, బాగుచేసి, అవసరమున్న చోటికి పంపే పని మాది. భోగి మంటలో పడవలసినవి కొన్ని దారి తప్పి మా గుమ్మంలో పడుతుంటాయి. ఇచ్చేవారి మనసు మంచిదే, వచ్చిన చిక్కల్లా అపోహలతోనే.

అపోహ: లేనివారికి ఏది ఇచ్చినా పనికొస్తుంది.

రాదు. ఒంటి చెప్పు, జార్లు లేని మిక్సీ, జిప్పు ఊడిన ప్యాంటు ఎవరికీ పనికిరావు. చొక్కాకు ఒక గుండీ కుట్టడానికి మీ ఇంట్లో 5 నిమిషాలు పడుతుంది. అలాంటివి 300 వస్తే మాకు 25 గంటలు. వాడిన లోదుస్తులు అసలే వద్దు. ప్రైవేటు బడి ముద్ర ఉన్న యూనిఫారాలూ అంతే. ఆ బడి పిల్లలకు తప్ప ఇంకెవరికీ అక్కరకు రావు. ప్రభుత్వ బడుల్లో యూనిఫారం ఉచితంగానే ఇస్తారు. అదే బడి సంచి, టిఫిన్ డబ్బా అయితే జూన్ మొదటి వారంలో మా దగ్గర ఒక్క రోజు కూడా నిలవవు.

అపోహ: చిరిగిన బట్ట చెత్తకుండీకే.

ఇది దానికి తిరగేసిన పొరపాటు. వెలిసిపోయిన నూలు చీర ఇవ్వడానికి సిగ్గుపడి, ఒక్కసారీ కట్టని సింథటిక్ చీర ఇస్తారు. నాకైతే మొదటిదే బంగారం. బొంతకు, పసిపిల్లల పొత్తిగుడ్డలకు మెత్తబడిన నూలును మించినది లేదు. దానికీ పనికిరాని పేలికలను మెకానిక్ షెడ్డు వాళ్లు చేతులు తుడుచుకోవడానికి తీసుకుంటారు. 1999లో అంశు గుప్తా ప్రారంభించిన గూంజ్ సంస్థ పాత నూలు బట్టను శుభ్రం చేసి నెలసరి ప్యాడ్లు తయారు చేయిస్తోంది. పాలిస్టరు తడి పీల్చదు కాబట్టి ఈ పనులకు రాదు. పాత ఉన్ని స్వెటర్లకు దారి వేరు. హర్యానాలోని పానిపట్‌లో వాటిని చీల్చి, మళ్లీ దారంగా వడికి దుప్పట్లు నేస్తారు. అందుకే నూలువి ఒక మూట, మిగతావి ఒక మూట కట్టి పంపితే మా పని సగం తగ్గుతుంది.

అపోహ: స్టీలు సామాన్ల ఆమెకు వేస్తే బట్టలు వృథా అయినట్టే.

ఆమెను తక్కువ అంచనా వేయకండి. మీ గుమ్మంలో కూర్చుని చీరను వెలుతురుకు అడ్డంగా పట్టి, చిరుగు ఎక్కడుందో చిటికెలో చెప్పేస్తుంది. మా గదిలో ఎవరికీ అంత చూపు లేదు. ఆ బట్టలు ఉతికి, కుట్టి, ఇస్త్రీ అయ్యాక సంతలకు చేరుతాయి. జుమ్మెరాత్ బజారులోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో ఒకాయన బేరమాడి తనకు నచ్చిన చొక్కా కొనుక్కుంటాడు. అందులో నాకేమీ తప్పు కనిపించదు.

అపోహ: పోయినవారి వస్తువులు ఎవరూ తీసుకోరు.

చాలా ఇళ్లలో ఈ మాట గొంతు తగ్గించి అడుగుతారు. కట్టుకున్న బట్టల విషయంలో పట్టింపు ఉన్నవారు ఉంటారు, కాదనను. కానీ మంచాన పడిన మనిషి చివరి నెలల్లో వాడిన సామాను ఉంటుంది కదా, చక్రాల కుర్చీ, వాకరు, కమోడ్ కుర్చీ, పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు, వాటి కోసం మా దగ్గర పేర్లు రాసుకుని ఎదురుచూసేవారున్నారు. కొనాలంటే వేలల్లో ఖర్చు, అవసరమేమో కొన్ని నెలలే. వాటిని అటక మీద పెట్టేస్తే రెండేళ్లలో రబ్బరు పగిలిపోతుంది. ఒక పెద్దావిడ, పోయిన తన భర్త వాకరు ఇవ్వడానికి మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ వెనక్కి తీసుకెళ్లారు. నాలుగోసారి వాళ్ల అబ్బాయి చేత పంపించారు. తొందరేమీ లేదు. మందులు మాత్రం మాకు ఇవ్వకండి, సగం వాడిన సీసాలు అసలే వద్దు.

అపోహ: ఉతికి, కలరా ఉండలు వేసి ఇస్తే చాలు.

పసిపిల్లల బట్టల్లో కలరా ఉండలు వేయనే వేయకండి. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న శిశువులకు ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ వాసన తగిలినా ఎర్ర రక్తకణాలు చిట్లి కామెర్లు ముదురుతాయి. ఆ లోపం ఉన్నట్టు తల్లికీ తెలియకపోవచ్చు. ఎండలో బాగా ఆరబెట్టి, గుడ్డ సంచిలో కట్టండి. వానాకాలంలో చెమ్మ ఆరని బట్టలను ప్లాస్టిక్ సంచిలో బిగిస్తే, మేం విప్పేసరికి నల్లటి బూజు మచ్చలు వచ్చేస్తాయి. అవి వదలవు.

అపోహ: వరద రాగానే బట్టలు పంపాలి.

2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు మునిగినప్పుడు మా గది రెండు రోజుల్లో కప్పు దాకా నిండింది. అక్కడివారు అడిగినవి చాపలు, బకెట్లు, దుప్పట్లు, కొత్త లోదుస్తులు, ప్యాడ్లు. మాకు వచ్చినవి పార్టీలకు వేసుకునే గౌన్లు. అలాంటప్పుడు ముందు ఒక్క ఫోను చేసి ఏం కావాలో అడగండి.

అపోహ: దానమిచ్చినవి అమ్ముకుంటారు.

కొన్ని అమ్ముతాం, దాచేదేమీ లేదు. టెంపో అద్దె, సబ్బు, సూదీ దారం ఎక్కడినుంచి వస్తాయి? అమ్మిన లెక్క చూపించమని అడగండి. చూపించనివారికి ఇవ్వకండి.

అపోహ: బట్టలకు రసీదు తీసుకుంటే పన్ను తగ్గుతుంది.

విరాళాలకు ఆదాయపన్నులో ఇచ్చే, 80జి అని అందరూ పిలిచే మినహాయింపు వస్తురూపంలో ఇచ్చినవాటికి వర్తించదు. నగదైనా 2,000 రూపాయలు దాటితే వర్తించదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఎలాగూ లేదు.

అపోహ: జేబులన్నీ చూసే ఇచ్చాం.

పాస్‌పుస్తకం, చెవి దిద్దు, పదోతరగతి మార్కుల జాబితా, మడతల్లో వంద నోట్లు, ఇవన్నీ దొరికాయి. చిరునామా తెలిసినవి తిరిగిచ్చేశాం. ఎవరివో తెలియని బీరువా తాళంచెవులు మాత్రం ఆరు, తలుపు పక్కన మేకుకు వేలాడుతున్నాయి. మీ బీరువా తెరుచుకోకపోతే ఒకసారి వచ్చి చూసుకోండి.