టేపు కోయొద్దన్నారు: 'ఆటమ్ హార్ట్ మదర్' లయ కథ

బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్‌కు సొంత దేశంలో తొలిసారి నంబర్ వన్ స్థానం తెచ్చిన ఆల్బమ్ 'ఆటమ్ హార్ట్ మదర్'. 1970 అక్టోబరులో వచ్చింది. ముందు అట్ట మీద బ్యాండ్ పేరు లేదు, ఆల్బమ్ పేరూ లేదు. పచ్చిక మీద నిలబడి వెనక్కి తిరిగి చూస్తున్న ఆవు ఒక్కటే ఉంది. జనం కొన్నారు గానీ, తర్వాతి ఏళ్లలో బ్యాండ్ సభ్యులైన రోజర్ వాటర్స్, డేవిడ్ గిల్మోర్ ఇద్దరూ ఈ రికార్డును తీసిపారేశారు. ఎగుడుదిగుడు రికార్డే, కాదనను. కానీ అందులోని ఎగుడుదిగుళ్లలో కొన్నింటికి కారణం సంగీత కల్పనలో లేదు. టేపులో ఉంది, మనిషి మెదడులో ఉంది.

గ్రామఫోన్ రికార్డు రెండో వైపు సంగతి త్వరగా చెప్పేస్తాను. వాటర్స్, రిక్ రైట్, గిల్మోర్ తలా ఒక పాట రాశారు. మూడూ నెమ్మదైనవే, మూడూ బాగుంటాయి. రైట్ పాటలో ఒక్కసారిగా లేచే బ్రాస్ వాద్యాలు (ట్రంపెట్ లాంటి ఇత్తడి వాద్యాలు) నాకు మరీ ఇష్టం. ఆ తర్వాత ఒక మనిషి పొద్దున్నే టిఫిన్ చేసుకునే చప్పుళ్ల చుట్టూ అల్లిన 13 నిమిషాల ముక్క. అగ్గిపుల్ల గీసిన శబ్దం, పెనం మీద చిటపటలు వినసొంపుగానే ఉన్నా, వాటి మధ్య సంగీతం ఎటూ కదలదు. దీనికి ఏ యంత్రాన్నీ తప్పుపట్టలేం.

అసలు విషయం మొదటి వైపుది. వైపంతా ఒకే రచన, ఆల్బమ్ పేరే దాని పేరూ, 23 నిమిషాల 44 సెకన్లు. అబ్బే రోడ్డులోని ఈఎంఐ స్టూడియోకు అప్పుడే కొత్త ఎనిమిది ట్రాకుల రికార్డర్ వచ్చింది, అంటే ఒకే టేపు మీద ఎనిమిది శబ్దాలను పక్కపక్కనే విడివిడిగా నమోదు చేసే యంత్రం. అంగుళం వెడల్పు టేపు. దాన్ని బ్లేడుతో కోసి అతికించడానికి వీల్లేదని స్టూడియో నిషేధం పెట్టింది. ఆ జాగ్రత్తలో అర్థం లేకపోలేదు. అంగుళం టేపును 45 డిగ్రీల ఏటవాలుగా కోస్తే, ఒక అంచుకూ మరో అంచుకూ మధ్య అంగుళం తేడా వస్తుంది. టేపు సెకనుకు 15 అంగుళాల వేగంతో తిరుగుతుంటే అది సెకనులో పదిహేనో వంతు. అంటే అతుకు దగ్గర ఒక్కో ట్రాకు ఒక్కో క్షణంలో మారుతుంది.

కోయకూడదంటే ముక్కలుగా వాయించి అతికించుకునే దారి మూసుకుపోయినట్టే. అందుకే డ్రమ్స్ మీద నిక్ మేసన్, బేస్ గిటార్ మీద వాటర్స్, రచన మొత్తాన్నీ మొదటి నుంచి చివరి దాకా ఒకే ఊపులో వాయించాల్సి వచ్చింది. వేగం అక్కడక్కడా ఊగింది. ఈ సంగతి మేసనే తర్వాత రాశాడు.

ఇంత సేపు నిలకడగా వాయించడం ఎందుకంత కష్టం? 1973లో వింగ్, క్రిస్టోఫర్సన్ అనే పరిశోధకులు మనిషి వేలితో వేసే దెబ్బల్లో రెండు రకాల తప్పులున్నాయని ఒక నమూనా ఇచ్చారు. ఒకటి మెదడులోని గడియారానిది, రెండోది ఆజ్ఞ అందుకున్న చేతిది. చేతి తప్పు నిలవదు: ఒక దెబ్బ ఆలస్యమైతే తర్వాతి విరామం ఆ మేరకు తగ్గి సర్దుకుంటుంది. గడియారం తప్పు మాత్రం పేరుకుపోతుంది. నిమిషానికి 80 దెబ్బల వేగంలో ఒక్కో విరామం 750 మిల్లీసెకన్లు. ప్రతి విరామమూ 5 మిల్లీసెకన్లు సాగితే ఏ శ్రోతకూ తెలియదు, కానీ 100 దెబ్బలు తిరిగేసరికి అర సెకను వెనకబడతాం. పైగా ఇద్దరు కలిసి వాయిస్తున్నప్పుడు ఒకరినొకరు చూసి సర్దుకుంటారు కాబట్టి, ఇద్దరూ కలిసే జారిపోతుంటే ఆ జారడం వాళ్లకే తెలియదు.

చిక్కంతా ఆ తర్వాత వచ్చినవాళ్లకు. బ్యాండ్ అమెరికా పర్యటనలో ఉండగా సంగీతకర్త రాన్ గీసిన్ ఆ టేపు విని బ్రాస్ వాద్యాలకూ, గాయక బృందానికీ స్వరాలు రాశాడు. కచేరీలో అయితే డ్రమ్మరు వాద్యబృందాన్ని వింటాడు, వాద్యబృందం డ్రమ్మరును వింటుంది. టేపు ఎవరినీ వినదు. సర్దుకోవాల్సిన భారమంతా ఒకవైపే పడుతుంది. ఊగే లయను పట్టుకుని, కాగితం చూసి వాయించే కళాకారులను దాని వెంట నడపడం గీసిన్‌కు గగనమైంది. వాళ్లు సహకరించనూ లేదు. చివరికి గాయక బృందం నాయకుడు జాన్ ఆల్డిస్ ఆ బాధ్యత తీసుకున్నాడు.

వినేటప్పుడు ఒక తేడా గమనించండి. బ్రాస్ వాద్యాల స్వరం చటుక్కున మొదలవుతుంది, అందుకే దెబ్బకు కొంచెం ముందున్నా వెనకున్నా చెవి పట్టేస్తుంది. గొంతులు మెల్లగా పుంజుకుంటాయి. స్వరం కచ్చితంగా ఎప్పుడు మొదలైందో చెప్పలేం కాబట్టి చిన్న తేడాలు కలిసిపోతాయి. ఆర్గన్ మీద గొంతులు పొరలుపొరలుగా లేచే మధ్యభాగం ఈ రికార్డు మొత్తంలో అత్యుత్తమమైనదని నా గట్టి అభిప్రాయం. దాని బలంలో ఈ కారణానికీ వాటా ఉంది.

లయ ఊగడమే దోషమా అంటే, కాదు. 2011లో హోల్గర్ హెన్నిగ్, ఆయన సహచరులు మనుషులు వాయించిన లయలను కొలిచారు. ఇప్పటి చిన్న తప్పుకూ చాలా దెబ్బల తర్వాతి తప్పుకూ సంబంధం ఉంటుందని తేలింది. కంప్యూటర్ సంగీతంలో అడ్డదిడ్డమైన తప్పులు కలిపితే శ్రోతలకు అంతగా నచ్చలేదు. మనిషి చేసే తరహా తప్పులు కలిపినదాన్నే ఎక్కువగా ఇష్టపడ్డారు.

ఆల్బమ్ పేరు కూడా ఒక గడియారం నుంచే వచ్చింది. 1970 జులై 16న ఒక బీబీసీ కార్యక్రమం రికార్డింగ్ సమయంలో ఈ రచనకు పేరు వెతుకుతూ ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రిక తిరగేశారు. గుండె లయను నడిపించే పేస్‌మేకర్ అనే పరికరాన్ని, అదీ అణుశక్తితో నడిచేదాన్ని, అమర్చిన ఒక తల్లి గురించిన వార్త కనబడింది. ప్లుటోనియం-238 విడుదల చేసే వేడిని విద్యుత్తుగా మార్చడం ఆ పరికరం పని. ఆ ప్లుటోనియం అర్ధాయువు, అంటే సగానికి తగ్గడానికి పట్టే కాలం, దాదాపు 88 ఏళ్లు కనుక బ్యాటరీ మార్చడానికి మళ్లీ మళ్లీ ఆపరేషన్ అవసరం ఉండదు. తర్వాత లిథియం బ్యాటరీలు వచ్చి అణు పేస్‌మేకర్లను పక్కకు నెట్టాయి. ఒకే వేగంతో కొట్టే తొలినాటి పేస్‌మేకర్ల తీరూ మారింది. ఇప్పటివాటిలో చాలావాటికి శరీర కదలికను పసిగట్టే సెన్సర్ ఉంటుంది. మనిషి మెట్లెక్కితే అవి గుండె వేగం పెంచుతాయి, కూర్చుంటే తగ్గిస్తాయి.